మోసిన మంచం

నవంబరు 26, ఆదివారం

వానలు వెనకబట్టాయి. కొండ ట్రిప్పులు మళ్ళీ మొదలయ్యాయి. వాసవమ్మ పొద్దున్నే బరంపురం గోసాని నువాగాంలో నా గది దాకా జీపు పంపింది. నా సైకిల్ రిపేరు కొట్టు మూసేసినా పనిముట్లకు నూనె రాసే ఉంచాను. మంచిదైంది.

ఈసారి వచ్చినవాళ్ళకు వాసవమ్మ ఎప్పటిలాగే కాగితం చదివి వినిపించింది. కొండ మీద ఎవరైనా పడితే కిందికి దింపే ఖర్చు, ఆస్పత్రి ఖర్చు పడినవారిదే, కంపెనీది కాదు. ఎవరూ వినలేదు. ఒకరి హెల్మెట్ ఒకరు పెట్టుకుని ఫోటోలు తీసుకుంటూ సంతకాలు పెట్టేశారు. బరంపురంలో వాసవమ్మ వాళ్ళది తాతల నాటి బియ్యం హోల్‌సేల్ కొట్టు. ఆ ఇంటి ఆడపిల్ల కొండల మీద సైకిళ్ళు తొక్కించి బతుకుతానంటే అందరూ నవ్వారట. ఈ వయసులో నన్ను పిలిచి పనిచ్చింది. నేను నవ్వను.

జీపు జీడిపేటలో ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి కాలిబాటే. వచ్చినవాళ్ళు వాసవమ్మ వెంట సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కుతారు, తొక్కుకుంటూ దిగుతారు. దిగేదాకా నేనూ డ్రైవరు దేముడూ టీ కొట్టు దగ్గర కూర్చుంటాం.

"కన్నమ్మా, రెండు టీలు" అన్నాడు దేముడు.

ఆవిడ నన్ను చూసి, "ఏటి మేస్త్రీ, వానాకాలమంతా జాడ నేదు. సైకిళ్ళకి జొరమొచ్చిందా, నీకొచ్చిందా?" అంది.

"లేదు" అన్నాను.

"ఏది నేదు?"

దేముడు నవ్వాడు. ఆవిడా నవ్వింది. నేను గ్లాసులోకి చూస్తూ తాగాను. టీలో అల్లం బాగా దంచి వేస్తుంది. బరంపురంలో ఇలాంటి టీ దొరకదు. అందుకే ఆ ట్రిప్పు అంటే ఇష్టం నాకు.

డిసెంబరు 3, ఆదివారం

జీడిపేట ట్రిప్పు. టీ కొట్టు తలుపు బందు ఊడి వేలాడుతోంది. బిగించాను. ఎవరూ అడగలేదు. పనిముట్లు చేతిలో ఉన్నాయి గనక బిగించాను, అంతే. రెండో టీకి ఆవిడ డబ్బు తీసుకోలేదు.

డిసెంబరు 6

వాన.

డిసెంబరు 7

వాన.

డిసెంబరు 8, శుక్రవారం

వాన తగ్గింది. ఆదివారం ట్రిప్పు ఉందా అని వాసవమ్మని అడుగుదామనుకున్నాను. అడిగితే ఎందుకని అడుగుతుంది. అడగలేదు. రాత్రి తనే ఫోన్ చేసింది. ఉందట.

డిసెంబరు 11, సోమవారం

నిన్న రాయలేదు. ఆస్పత్రి బెంచీ మీద తెల్లారింది.

నిన్న కొండ మీద పడినాయన పేరు వెంకటేశ్వర్లు. విశాఖపట్నం. నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున్న నాతో, "తాతగారూ, నా సైకిల్ ఖరీదు మీ జీపు కంటే ఎక్కువ, జాగ్రత్త" అని నవ్వాడు. మంచివాడే. వానకి బండ మీద పాకుడు పట్టింది. దిగేటప్పుడు అక్కడ జారాడు. తోడు వచ్చినవాళ్ళలో ఒకడు పరిగెత్తుకుంటూ కిందికి వచ్చి చెప్పాడు. కొండ మీద ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. దేముడు టీ కొట్టు ఫోన్‌లో అంబులెన్సుకు చెప్పి, దానికి దారి చూపడానికి జీపు వేసుకుని తారు రోడ్డుకి పోయాడు. నేను కట్టుబద్దల సంచీ తీసుకుని ఎక్కాను.

వాసవమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొడ వంకర తిరిగి ఉంది. నీళ్ళడిగితే పెదవులు మాత్రం తడిపింది. ఆపరేషన్ అవసరమవుతుందేమో, తాగకూడదంది.

"హెలికాప్టర్ పిలవండి" అని అరుస్తున్నాడాయన. "నాకు ఇన్సూరెన్స్ ఉంది. హెలికాప్టర్ పిలవండి!"

"సార్, మనుషులు వస్తున్నారు" అంది వాసవమ్మ.

జీడిపేట మగవాళ్ళు వచ్చారు. టీ కొట్టావిడ తమ్ముడు అప్పలస్వామి ముందు నడుస్తున్నాడు. నెత్తి మీద నులకమంచం, వెనక వాళ్ళ చేతుల్లో వెదుళ్ళు. మంచం ఆవిడదే. పక్క గుడ్డలు కింద పడేసి ఇచ్చేసిందట. నేను బద్దలు పెట్టి కాలు కట్టాను. ఆయన నా చొక్కా చింపేశాడు నొప్పికి. మంచానికి వెదుళ్ళు కట్టి, ఆయన్ని తాడుతో బిగించి, నలుగురు ఎత్తారు. నలుగురు పక్కన నడిచారు, భుజం మార్చడానికి.

దారి పొడుగునా అరుపులే. అప్పలస్వామి, "బాబూ, బరువుకి కాదు గాని నీ కేకలకి మాకు కాళ్ళొణుకుతన్నాయి. కొంచెం ఓర్సుకో. కొండదేవత నిద్దరలేస్తే నీకే నట్టం" అన్నాడు. అంత నొప్పిలోనూ ఆయన నవ్వబోయి ఏడ్చాడు.

"ఎంత తీసుకుంటారు మీరు? ఎంతైనా ఇస్తాను" అన్నాడు తర్వాత.

"ఊరుకో బాబూ."

ఊరి మొదట్లో ఆవిడ బిందెతో నిలబడి ఉంది. మోసినవాళ్ళందరి కాళ్ళ మీదా నీళ్ళు పోసింది. నా కాళ్ళ మీద కూడా. నేను మోయలేదని చెప్పలేకపోయాను.

అంబులెన్సు వచ్చింది. అందులో మనిషి ఒడియాలో, "సాంగరే కిఏ జిబ?" అన్నాడు. తోడు ఎవరొస్తారని. కూడా వచ్చినవాళ్ళకు రైలు టైమైపోతోంది. వాసవమ్మ మిగతా వాళ్ళని చూసుకోవాలి. నేనెక్కాను. తలుపు మూస్తుంటే చూశాను. ఆవిడ ఆ మంచాన్ని లోపలికి తీసుకెళ్ళలేదు. అరుగు మీద, గోడకి నిలబెట్టింది.

డిసెంబరు 13, బుధవారం

తొడలో రాడ్డు వేశారు. వాళ్ళావిడ సత్యవతి గారు విశాఖపట్నం నుంచి వచ్చింది. వరండాలోనే గొడవ మొదలైంది.

"దారి మీది. మనిషిని తీసుకెళ్ళింది మీరు. కట్టాల్సింది మీరు" అంటుంది.

"కాగితం మీద సార్ సంతకం ఉందండీ" అంటుంది వాసవమ్మ.

"పాకుడు బండ ఉందని ఆ కాగితంలో రాశారా?"

వాసవమ్మ చేతిలో కాగితం మడిచేసింది. ఆస్పత్రికి అడ్వాన్సు కట్టింది తనే. ఆ మాట చెప్పలేదు. నా పక్కన వచ్చి కూర్చుని, "తాతా, మనమే తప్పు చేశామా?" అంది. నాకేం తెలుసు. టీ తెచ్చిచ్చాను. ఆస్పత్రి టీ. పంచదార నీళ్ళు.

డిసెంబరు 15, శుక్రవారం

ఆస్పత్రి ఖర్చు చివరికి ఇన్సూరెన్స్ ఇస్తుందంటున్నారు. కొండ మీంచి దింపినందుకు కూడా ఇస్తారట. కాని మోసినవాళ్ళకు డబ్బిచ్చినట్టు వేలిముద్రలు కావాలి. వాసవమ్మ ముందుగా తన డబ్బే నా చేతికిచ్చింది. "తాతా, నువ్వే వెళ్ళు. నీ మాట వింటారు వాళ్ళు" అంది.

నా మాట! నేనెప్పుడు మాట్లాడాను వాళ్ళతో?

వెళ్తాను. ఆదివారం.

డిసెంబరు 17, ఆదివారం

వెళ్ళాను. అప్పలస్వామి అందరినీ పిలిచాడు. డబ్బు బయటికి తీయగానే అందరూ లేచి నిలబడ్డారు, పాము కనిపించినట్టు.

"ఒద్దు మేస్త్రీ. మోతకి డబ్బులేటి?" అన్నాడు అప్పలస్వామి.

"ఇన్సూరెన్స్ వాళ్ళది" అన్నాను.

"ఎవులదైతే నేటి? ఒద్దు."

ఒకరొకరే వెళ్ళిపోయారు. ఆవిడ టీ పెట్టింది. మంచం ఇంకా అరుగు మీదే నిలబడి ఉంది. ఎందుకు లోపల వేసుకోలేదని అడగాలని చాలాసేపు కూర్చున్నాను. ఆవిడే చెప్పింది. మనిషిని మోసిన మంచం ఇంట్లోకి పోకూడదట. మోయించుకున్న మనిషి బాగుపడి, నడిచి వచ్చి, దాని మీద కూర్చుని ఒక్క ముద్ద తినాలట. అప్పుడు గాని అది మళ్ళీ మంచం కాదట.

"మరి నీ పక్క?" అన్నాను. ఎలా అన్నానో.

"నేల నేదేటి?" అంది.

పుష్యమాసం రాబోతోంది. కొండ కింద చలి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆవిడకి మోకాలి నొప్పి ఉంది. కూర్చుని లేచేటప్పుడు తలుపు పట్టుకుంటుంది. బందు బిగించినప్పుడు చూశాను.

మా రామయ్యపట్నంలో ఒక పద్ధతుంది. సముద్రంలో పడినవాణ్ణి ఎవరైనా లాగి ఒడ్డున వేస్తే, డబ్బు వద్దనే అంటారు. నోటితో అందరూ వద్దనే అంటారు. ఇచ్చేవాడు చేతికివ్వడు. వాళ్ళు చూడకుండా వాళ్ళ వలకి ముడేసి వస్తాడు. అది మర్యాద. ముడెయ్యని వాణ్ణి కృతజ్ఞత లేనివాడంటారు. మా నాన్నని లాగిన వాళ్ళ వలకి మా అమ్మ ముడెయ్యడం నాకు తెలుసు.

ఆవిడ నీళ్ళకు వెళ్ళింది. దేముడు జీపులో నిద్రపోతున్నాడు. డబ్బంతా గుడ్డలో చుట్టి, మంచం కాళ్ళ వైపు నులకకి గట్టిగా ముడేశాను. వేలిముద్రలు లేవు. వాసవమ్మకి ఏదో ఒకటి చెప్పుకోవాలి.

డిసెంబరు 18, సోమవారం

మంచి పనే చేశాననిపిస్తోంది. ఈపాటికి చూసి ఉంటుంది. అందరికీ పంచి, తన వంతుతో ఒక రగ్గు కొనుక్కుంటుందేమో. ఎవరు కట్టారో తెలుస్తుంది. తెలిసినా ఏమీ అనదు. నవ్వుతుంది.

డిసెంబరు 20, బుధవారం

వెంకటేశ్వర్లు గారికి జ్వరం. కట్టు విప్పితే లోపల చీము. మళ్ళీ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు.

డిసెంబరు 24, ఆదివారం

ట్రిప్పులు ఆపేశారు. మధ్యాహ్నం నా గది తలుపు ఎవరో కొట్టారు. అప్పలస్వామి. బస్సెక్కి అడిగి అడిగి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చేతిలో ఆకు పొట్లం. దాన్ని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

"ఇది నువ్వు కట్నావా?"

"అవును."

"ఎందుకు కట్నావు? ఏటి సేసేం మేము నీకు?"

నాకు అర్థం కాలేదు.

"సచ్చినోడి మంచానికి కడతారు మేస్త్రీ డబ్బులు! కాళ్ల కాడ ముడేస్తారు, కాటికి ఎల్లేటప్పుడు. ఇంక ఆ మంచం తిరిగి రాదు. బతికున్న మనిషిని మోసిన మంచానికి కట్నావు. అతగాడు ఇప్పుడెలాగున్నాడు?"

"జ్వరం" అన్నాను.

అప్పలస్వామి గోడకి చేరబడ్డాడు. కాసేపటికి, "మావోల్లు అంతా అదే అన్నారు. ఇంక బతకడు అనీసినారు" అన్నాడు.

మా ఊరి పద్ధతి చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. విన్నాడు. కోపం కొంచెం దిగింది. "సముద్రపోల్లు" అన్నాడు, అంతే. పొట్లం గడప మీద పెట్టాడు.

"మీ అప్ప ఏమంది?" అని వాళ్ళక్క సంగతి అడిగాను.

"ఏటీ అన్నేదు. ఆ ముడి ఇప్పదీసింది, అరుగు కడిగింది, ఊరుకుంది. మా అప్ప తిడితే నాకు బయిం నేదు. తిట్టనేదు."

డిసెంబరు 25

నాకు తెలియదు. మా ఊళ్ళో అలా కాదు.

డిసెంబరు 27, బుధవారం

డబ్బు వాసవమ్మకి తిరిగి ఇచ్చేశాను. అంతా చెప్పాను. తిట్టలేదు. "నాదీ తప్పే తాతా. ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం పట్టుకుని నిన్ను పంపాను" అంది.

రోజూ ఆస్పత్రికి వెళ్తున్నాను. ఆయన గది బయట కూర్చుంటాను. ఆయన బతకాలి. బతికి, నడిచి, జీడిపేట వెళ్ళాలి. సత్యవతి గారు నన్ను చూసి నర్సుతో, "ఈయన కంపెనీ మనిషి. మేం బిల్లు కట్టకుండా పోతామని కాపలా పెట్టారు" అంది. నేను వరండా చివరికి జరిగి కూర్చున్నాను.

డిసెంబరు 31, ఆదివారం

జ్వరం తగ్గింది. ఇడ్లీ తిన్నాడు. కిటికీలోంచి చూశాను.

ఈ మాట ఆవిడకి తెలియాలి. టీ కొట్టులో ఫోనుంది. నంబరు దేముడి దగ్గరుంది. అడగలేదు.

జనవరి 1

అడిగాను. దేముడు నా ముఖం చూసి ఏదో అనబోయి అనకుండా ఇచ్చాడు.

జనవరి 2

ఫోన్ చేశాను. "ఎవులు?" అంది. నోట్లో మాట రాలేదు. "ఎవులు, మాటాడవేటి?" అంది. పెట్టేసింది.

ఆవిడ గొంతు బొంగురుగా ఉంది. నేల మీద పడుకుంటే అంతే.

జనవరి 3

దేముడి చేత చేయించాను. జ్వరం తగ్గిందని చెప్పాడు. "అలాగా" అందట. ఇంకేమీ అనలేదట. నా సంగతి అడిగిందా అని నేను అడగలేదు.

జనవరి 6, శనివారం

వెంకటేశ్వర్లు గారిని ఇంటికి పంపించారు. బిల్లులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ వాళ్ళదే. మిగిలింది సగం వాళ్ళూ సగం వాసవమ్మా కట్టుకున్నారు. చేతి కర్రలతో కారెక్కుతూ ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను దగ్గరికి వెళ్దామనుకున్నాను. కారు కదిలింది.

సాయంత్రం వాసవమ్మ వాళ్ళ నాన్నగారు మమ్మల్ని పిలిపించారు. ఇక కొండ దారి వద్దన్నారు. "ఆర్యపల్లి వైపు సముద్రం ఒడ్డున తిప్పుకోండి. ఇసకలో పడితే మోసేవాళ్ళు అక్కర్లేదు" అన్నారు. వాసవమ్మ తల వంచుకుని సరేనంది.

జీడిపేట వైపు ఇక జీపు వెళ్ళదు.

జనవరి 7, ఆదివారం

ఆర్యపల్లి ట్రిప్పు. టీ తాగలేదు.

జనవరి 21, ఆదివారం

ఆర్యపల్లి. ఎండబెట్టిన చేపలు, వలలు. పుట్టి పెరిగిన వాసన ఇదే. అయినా నా ముక్కు అల్లం వెతుక్కుంటోంది. ఈ వయసులో ఇదేం పిచ్చి. టీ అలవాటు పాడు అలవాటు. మానేస్తాను.

జనవరి 23, మంగళవారం

పొద్దున్న రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. అడ్రసు కాగితాల్లో ఉంటే వాసవమ్మనడిగి తీసుకున్నాను. రైల్లో చెప్పవలసిన మాటలు అనుకుంటూ కూర్చున్నాను.

సత్యవతి గారు తలుపు తీసి, "డబ్బు సంగతైతే అంతా అయిపోయింది కదండీ" అంది.

"డబ్బు కాదమ్మా" అన్నాను. మిగతా మాటలు మర్చిపోయాను. లోపలి నుంచి ఆయన, "తాతగారేనా? రానీ" అన్నాడు.

కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కర్ర సాయంతో గదిలో నడుస్తున్నాడట. మంచం సంగతి చెప్పాను. ముడి సంగతి కూడా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

"ఎవరి మంచం అది?"

"కన్నమ్మ అని, టీ కొట్టు."

"నన్ను మోసినవాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తు లేదు నాకు. కళ్ళు మూసుకునే ఉన్నాను" అన్నాడు. వాళ్ళ పేర్లు అడిగాడు. తెలిసినంత మట్టుకు చెప్పాను. తర్వాత కాలు వైపు చూసుకున్నాడు.

"తాతగారూ, అబద్ధం చెప్పను. డాక్టరు వద్దంటున్నాడు, అది ఒకటి. కాని డాక్టరు సరేనన్నా నేను రాలేను. ఆ కొండ కలలోకి వస్తే లేచి కూర్చుంటున్నాను. వాళ్ళకు మంచి మంచం కొని పంపిస్తాను, టేకుది. ఏమంటారు?"

ఏమంటాను. అదీ డబ్బే.

సత్యవతి గారు కాఫీ ఇచ్చింది. వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆస్పత్రిలో మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది" అంది. పరవాలేదన్నాను.

జనవరి 24

రాడు.

జనవరి 27, శనివారం

ఆవిడకి చెప్పాలి. దేముడి చేత ఫోన్ చేయించవచ్చు.

వద్దు.

జనవరి 30, మంగళవారం

వెళ్ళాలి. ఏ పని మీద వెళ్ళినట్టు? ట్రిప్పు లేదు. సైకిళ్ళు లేవు. వాసవమ్మ పంపలేదు. ఇన్నాళ్ళూ జీపు వెళ్తే వెళ్ళాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

శనివారమే వాసవమ్మకి ఫోన్ చేసి ఆర్యపల్లి రానన్నాను. ఎప్పుడూ అనలేదు అలా. "ఒంట్లో బాగోలేదా తాతా?" అంది. "బాగుంది" అన్నాను. కొంచెం ఆగి, "సరే, వెళ్ళిరా" అంది. ఎక్కడికని అడగలేదు.

బస్సు దిగి నడిచాను. మంచం అరుగు మీద లేదు. చుట్టూ వెతికాను. తర్వాత చూశాను. ఊరి చివర, జీడి తోట కంచెకి నిలబెట్టి ఉంది. ముడేసిన తర్వాత అరుగు మీద కూడా ఉండకూడదన్నారట.

ఆవిడ కొట్టులో గిన్నెలు తోముతోంది. నన్ను చూసింది. మళ్ళీ తోముకుంది.

"ఆయన రాడు" అన్నాను.

"రాడని సెప్పడానికి ఇంత దూరమొచ్చేవా?"

ఎండలో నిలబడ్డాను. అప్పలస్వామి వచ్చాడు, ఇంకా నలుగురు వచ్చారు. విశాఖపట్నం వెళ్ళిన సంగతి చెప్పాను. టేకు మంచం మాట చెప్పలేదు.

"అయితే అప్పా, దాన్ని వాగులో పడీడమే" అన్నాడు అప్పలస్వామి.

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "నా పెళ్ళినాటి మంచమది" అంది. ఎవరితోనూ కాదు.

మగడు పోయాడని విన్నాను గాని మంచం సంగతి నాకు తెలియదు.

పక్కింటి అరుగు మీద తవిటమ్మ కూర్చుని ఉంది. ఆ పేటలో అందరికంటే పెద్దావిడ. కళ్ళు సరిగా కనబడవు. "ముడేసింది ఎవుడ్రా?" అంది.

"ఈ మేస్త్రే."

"కావాలని ఏసినాడా?"

"సముద్రపోల్లకి అది మరియాదంట ముసలమ్మా."

తవిటమ్మ చుట్ట పక్కన పెట్టింది. "ఆ పట్నం బాబు రాకపోతే పీడా పాయె. ముడేసినోడినే ఎక్కించండి. అతగాడు పడిన కాడికి మోసుకెళ్ళి, తిప్పి తెండి. సొంత కాళ్ళ మీద దిగి ముద్ద తింటే మంచం మంచమే."

"దిగకపోతే?" అన్నాడొకడు.

"దిగకపోతే మంచం ఆడిదే."

అందరూ నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. అందరూ నన్ను చూస్తున్నారు. అప్పలస్వామి నా దగ్గరికొచ్చి మెల్లగా, "నువ్వు ఎక్కనక్కర్నేదు మేస్త్రీ. పెద్ద వయసు. దాని మీద సెడు ఉందంటే ఉన్నట్టే, నేదంటే నేనట్టే. బయిమైతే సెప్పీ" అన్నాడు.

భయమే. చావంటే కాదు. అంతమంది చూస్తుండగా మంచం మీద పడుకోవడం. జీవితంలో ఎవరి ఎదుటా కాలు చాపి కూర్చోలేదు నేను. ఆవిడ కొట్టు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. వద్దని అంటుందేమోనని చూశాను. అనలేదు. రమ్మనీ అనలేదు.

చెప్పులు విడిచి ఎక్కాను.

ఎత్తారు. నులక వీపుకి గుచ్చుకుంది. ఆకాశం ఒక పక్కకి ఒరిగింది. ఊరంతా వెనకాలే వచ్చింది. ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు.

"ఒలే, పల్లకీ లాగుందే!"

"పెళ్ళికొడుకు నెరిసిపోనాడు గాని బరువు నేడు!"

తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాను. అప్పలస్వామి కేకేశాడు. "ముకం కప్పుకోకు! కప్పితే సవమనుకుంటారు. తియ్యి, తియ్యి! అందరికీ కనబడాలి నువ్వు!"

తీశాను. దాచుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. పాకుడు బండ దాకా మోసుకెళ్ళారు. అక్కడ భుజాలు మార్చుకున్నారు. దిగుతుంటే ఎవరో పాట ఎత్తుకున్నారు, పెళ్ళి పాటే. తిట్టుకుందామనుకున్నాను. కాని నవ్వొచ్చింది. బయటికే నవ్వేశాను. ఎన్నేళ్ళయిందో.

కొట్టు ముందు దింపారు. "దిగు బావా" అన్నాడు అప్పలస్వామి. మేస్త్రీ అనలేదు.

కాళ్ళు తిమ్మిరెక్కాయి. నేల మీద పెడితే నిలవలేదు. ఒక అడుగు తూలాను. జనం గుప్పున ఊపిరి పీల్చారు. ఆవిడ చెయ్యి ముందుకొచ్చింది. పట్టుకోకూడదని గుర్తొచ్చిందేమో, గాలిలోనే ఆగింది. నేను ఆ చెయ్యి చూస్తూ నిలబడ్డాను. కాళ్ళు నిలిచాయి.

"నిలబడ్డావా?" అంది.

"నిలబడ్డాను."

ఆకులో ఉలవచారు అన్నం తెచ్చింది. మంచం మీద కూర్చుని తిన్నాను. ఒక్క ముద్ద చాలన్నారు. మొత్తం తిన్నాను. మోసినవాళ్ళందరికీ కూడా వడ్డించింది. తవిటమ్మకి పట్టుకెళ్ళి ఇచ్చింది. తిన్నాక అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరో పక్కా పట్టుకుని మంచాన్ని లోపలికి తీసుకెళ్ళారు. గుమ్మంలో అడ్డు పడితే పక్కకి తిప్పి తోశారు. నాలుగు కోళ్ళూ నేలకి ఆనిన చప్పుడు బయటికి వినిపించింది.

జనం ఇళ్ళకి పోయారు. ఎండ వాలింది. బస్సుకి లేచాను. ఆవిడ బయటికి వచ్చింది.

"ట్రిప్పులు ఇంక ఇటు రావంట గదా. దేముడు సెప్పినాడు. ఏ పని మీదొస్తావు మరి?"

పొద్దున్నుంచీ, బహుశా ఇన్నాళ్ళ నుంచీ, నేను తప్పించుకుంటున్నది ఆ ప్రశ్నే. తువ్వాలు భుజం మీద సర్దుకున్నాను.

"పనేటీ లేదు కన్నమ్మా" అన్నాను. "ఊరికే వస్తాను."

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"పొద్దున్న బస్సుకి రా అయితే. మద్దేన్నం దాకా గిరాకీ ఉండదు. కూకుని మాటాడుకోవచ్చు."

"నాకు మాటలు రావు" అన్నాను.

"నాకొచ్చు గదేటి" అంది.